నేలవేము ఆకులో దాక్కున్న బూజు: ఎండోఫైట్‌ని బయటికి తీసి, దాని పని నిజమో కాదో తేల్చుకోవడం ఎలా

మొదటిసారి ప్లేట్ మీద 20 మిల్లీమీటర్ల జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) చూసిన రోజు నేను ల్యాబ్ నుంచి రూముకి నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో గుర్తు లేదు. నేలవేము ఆకులోంచి తీసిన తెల్లటి బూజు అది. పెరిగిన ప్లేట్లోంచి చిన్న బిళ్ళ కోసి, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పూసిన ఇంకో ప్లేట్ మీద పెట్టి ఇంక్యుబేటర్లో వదిలేస్తే, తెల్లారేసరికి బిళ్ళ చుట్టూ గుండ్రంగా, కడిగిన గాజులాగా ఉంది, ఒక్క బ్యాక్టీరియా లేదు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి "జోన్ వచ్చిందమ్మా" అన్నాను. ఆమె రైల్వే ఉద్యోగం అనుకుని ఏ జోన్‌లో వేశారని అడిగింది.

రెండు రోజుల తర్వాత మా గైడ్ మేడమ్ ఆ ప్లేట్‌ని లైటుకి ఎత్తి చూసి ఒకే మాట అడిగారు: "బూజు లేని ఖాళీ అగార్ బిళ్ళ కూడా పెట్టావా?" (అగార్ అంటే ప్లేట్లో బూజుని పెంచే జెల్లీ.) పెట్టలేదు. పెట్టి చూస్తే దానికీ జోన్ వచ్చింది, దాదాపు అదే సైజులో.

జరిగింది ఇది. ఆకులోంచి శిలీంధ్రాలు తీసేటప్పుడు బ్యాక్టీరియా అడ్డం రాకుండా అగార్‌లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కలుపుతాం, నేను లీటరుకు 250 మిల్లీగ్రాములు కలిపాను. 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ళలో లెక్క కడితే సుమారు 28 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. టెస్టుల కోసం రెడీమేడ్‌గా అమ్మే క్లోరాంఫెనికాల్ డిస్కులో ఉండేది 30. అంటే నేను ఎగిరి గంతేసింది యాంటీబయాటిక్ తన పని తాను చేసినందుకు, పాపం నా బూజుకి దాంతో సంబంధమే లేదు.

అందుకే ఈ గైడ్ రాస్తున్నాను. డిగ్రీలో, పీజీలో ఎండోఫైట్ ప్రాజెక్టు చేసే పిల్లలు మన తిరుపతిలో ఏటా చాలామందే ఉంటారు, దాదాపు అందరూ తీసే పద్ధతి నేర్చుకుంటారు గానీ, తీసింది నిజంగా మొక్క లోపలిదేనా, కనిపించిన గుణం నిజంగా దానిదేనా అనే రెండు ప్రశ్నల దగ్గర జారిపోతారు. నేను ఎక్కువసేపు ఆగేది కూడా అక్కడే.

ముందు అసలు విషయం. పచ్చగా, మచ్చ లేకుండా ఉన్న ఆకు లోపల కూడా కణాల మధ్య సందుల్లో సన్నటి శిలీంధ్ర పోగులు కాపురం ఉంటాయి. మొక్కకి జబ్బు చెయ్యకుండా లోపల బతికే వీటిని ఎండోఫైట్లు అంటారు, జర్మనీకి చెందిన ఆంటన్ డి బరీ 1866లోనే ఈ పేరు వాడాడు. అద్దెకున్నవాళ్ళు ఊరికే ఉండరు కదా, కొన్ని పురుగుల్ని, పశువుల్ని దూరం పెట్టే విషాలు తయారుచేస్తాయి. అమెరికాలో టాల్ ఫెస్క్యూ అనే గడ్డి మేసిన పశువుల గిట్టలు కుళ్ళిపోతుంటే కారణం గడ్డి అనుకున్నారు, 1970ల్లో చూస్తే అది గడ్డి లోపలున్న శిలీంధ్రం పని. కొన్ని ఎండని, వేడిని తట్టుకునే బలం ఇస్తాయి. యెల్లోస్టోన్ పార్కులో వేడి నేల మీద పెరిగే ఒక గడ్డి ఉంది, దాని లోపల ఒక శిలీంధ్రం, ఆ శిలీంధ్రం లోపల ఒక వైరస్, మూడూ కలిసి ఉంటేనే ఆ వేడికి బతుకుతాయని 2007లో తేల్చారు. మన దేశంలో థార్ ఎడారి నుంచి తీసిన పిరిఫార్మోస్పోరా ఇండికా (ఇప్పుడు సెరెండిపిటా ఇండికా అంటున్నారు) వేళ్ళలో చేరి మొక్క ఎదుగుదలని పెంచుతుంది, పైగా మొక్క లేకుండా మామూలు అగార్ మీద కూడా పెరుగుతుంది, ఇది 1998 నాటి మాట.

మరి మందుమొక్కలంటే ఎందుకంత మోజు? 1993లో అమెరికాలో పసిఫిక్ యూ చెట్టు బెరడులోంచి టాక్సోమైసెస్ ఆండ్రియానే అనే శిలీంధ్రం తీసి, ఆ చెట్టులో ఉండే క్యాన్సర్ మందు టాక్సాల్‌ని ఇదీ తయారుచేస్తోందని ప్రకటించారు. చెట్లు నరక్కుండా పీపాలో బూజు పెంచి మందు తీసుకోవచ్చు అనేసరికి ప్రపంచమంతా ప్రతి మందుమొక్కనీ కోసి చూడటం మొదలుపెట్టింది. కానీ ఆ దొరికిన టాక్సాల్ లీటరుకు నానోగ్రాముల్లో, అంటే ఉందా లేదా అన్నంత. ఇరవై ఏళ్ళకి, 2013లో, ఇంకో బృందం అదే శిలీంధ్రాన్ని తీసుకుని జన్యువులతో సహా వెతికితే సొంతంగా టాక్సాల్ తయారుచేస్తోందనడానికి ఆధారం దొరకలేదు. పేరున్న ల్యాబుల దగ్గరే ఇంత తకరారు ఉంటే, మన ప్రాజెక్టులో "క్యాన్సర్‌కి మందు" అని టైటిల్ పెట్టుకోవడం మానేద్దాం. అలాగని అంతా ఉత్తిదే అని కాదు, వేప వేళ్ళలోంచి వారణాసిలో తీసిన క్లోరిడియం అనే శిలీంధ్రం నుంచి జవానిసిన్ అనే బ్యాక్టీరియాని చంపే పదార్థం 2009లో శుద్ధంగా వేరుచేసి చూపించారు. పదార్థాన్ని వేరుచేసి చూపించడం వేరు, జోన్ ఫోటో పెట్టడం వేరు.

మొక్క ఎక్కడ, ఎప్పుడు

శేషాచలం కొండలు కళ్ళ ముందే ఉన్నాయి, అలిపిరి మెట్ల పక్కనే ఏదో ఒక మూలిక కనిపిస్తుంది, కోసేద్దాం అనిపిస్తుంది. వద్దు. అది రిజర్వ్ ఫారెస్టు, శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కూడా అందులోదే, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్. ఎర్రచందనం పుణ్యమా అని ఇక్కడ సంచిలో కొమ్మ ముక్క కనిపించినా ప్రశ్నలు అడుగుతారు, అడగాలి కూడా. అడవి మొక్కే కావాలంటే కాలేజీ లెటర్‌తో అటవీ శాఖ అనుమతి తీసుకోండి, రేపు దీన్ని వ్యాపారంగా మార్చే ఆలోచన ఉంటే జీవవైవిధ్య చట్టం కింద రాష్ట్ర బోర్డు సంగతి కూడా ముందే కనుక్కోండి. ప్రాజెక్టుకి ఇదంతా అక్కర్లేదు. నేలవేము పొలం గట్ల మీదే ఉంటుంది, తులసి, వేప, బిళ్ళగన్నేరు, తిప్పతీగ ఇంటి చుట్టే దొరుకుతాయి, పొడపత్రి ఏదో ఒక కంచె మీద పాకుతూ ఉంటుంది. (పొడపత్రి ఆకు రెండు నమిలి పంచదార నోట్లో వేసుకోండి, ఇసుక నమిలినట్టే ఉంటుంది, తీపి అన్నదే తెలియదు. లడ్డూతో మాత్రం ప్రయత్నించకండి, నేను చేశాను, బాధేసింది.)

కాలం ముఖ్యం. మనకి వానలు ఎక్కువ పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ తడికి గాల్లోని బూజు బీజాలు ఆకుల మీద వాలి లోపలికి చేరతాయి కాబట్టి వాన తగ్గిన రెండు మూడు వారాలకి కోసిన ఆకుల్లో ఎక్కువ రకాలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెడితే ఆకులో ఉండేవీ తక్కువే, దానికితోడు కరెంటు పోయిన మధ్యాహ్నం ల్యాబ్ రూము 38 డిగ్రీలకి చేరుతుంది, ఆ వేడికి నెమ్మదిగా పెరిగేవన్నీ కూర్చుండిపోతాయి, ఆస్పర్జిల్లస్ ఒక్కటే ఊరేగుతుంది. లేత ఆకు కంటే ముదురు ఆకులో ఎండోఫైట్లు ఎక్కువ, అది అంత కాలం బయట ఉంది కదా.

మచ్చ, పురుగు కొరికిన గాటు, బూడిద లేని ఆకులు, కాడలు కోసి పేపరు కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో ఆకు చెమట పట్టి పైన ఉన్న బూజే పెరుగుతుంది. కవరు మీద తేదీ, చోటు, మొక్క భాగం పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి పోతుంది. ఆ రోజే పని మొదలుపెట్టండి, తప్పకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఒక్క రోజు ఆగొచ్చు. మొక్క సరిగ్గా ఏదో బోటనీ వాళ్ళతో గుర్తుపట్టించి, ఎండబెట్టిన షీటు ఒకటి హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోటు) ఇచ్చి నంబరు తీసుకోండి, ఊళ్ళో నేలవేము అని పిలిచే మొక్క ఒక్కటే ఉండదు.

అగార్

రెడీమేడ్ పీడీఏ (పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్) పొడి లీటరుకు 39 గ్రాములు. కొనే డబ్బులు లేకపోతే ఉర్లగడ్డలు 200 గ్రాములు తొక్క తీసి ముక్కలు కోసి అరగంట ఉడకబెట్టి, బట్టలో వడకట్టి, ఆ నీళ్ళలో డెక్స్‌ట్రోజ్ 20 గ్రాములు, అగార్ 15 గ్రాములు కలిపి లీటరు చెయ్యండి. రైతు బజారులో మొలక వచ్చినవి, పచ్చబడినవి తీసుకోవద్దు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నుంచి 20 నిమిషాలు, అంతకు మించితే చక్కెర మాడి అగార్ గోధుమ రంగుకి తిరుగుతుంది. ఒకసారి నేను టైమర్ పెట్టి టీకి వెళ్ళి మర్చిపోతే, మా ల్యాబ్ అటెండరన్న తలుపు దగ్గరే నిలబడి "ఏం నైనా, ఉర్లగడ్డ కూర అడుగంటినట్టుందే" అన్నాడు.

క్లోరాంఫెనికాల్ వేడిని తట్టుకుంటుంది కాబట్టి ముందే కలిపి ఆటోక్లేవ్ చెయ్యొచ్చు. స్ట్రెప్టోమైసిన్ అలా కాదు, అగార్ చేత్తో పట్టుకోగలిగేంత, అంటే 45-50 డిగ్రీలకి చల్లారాక కలపాలి. ఏది కలిపినా ఆ ప్లేట్లు ఆకు ముక్కలు పెట్టడానికి మాత్రమే. మందు లేని మామూలు పీడీఏ ప్లేట్లు విడిగా పోసి, మూత మీద ఇంకో రంగు మార్కర్‌తో గీత పెట్టండి. నేను అప్పట్లో ఆ గీత పెట్టి ఉంటే ఈ వ్యాసం మొదటి పేరా ఉండేది కాదు.

పైపైన చంపడం, లోపలిది బతికించడం

ఈ పని అంతా ఇక్కడే ఉంది. ఆకు మీద గాలి నుంచి వాలిన బీజాలు వేలల్లో ఉంటాయి, అవి చావాలి, లోపలున్నవి బతకాలి.

ఆకుల్ని కుళాయి నీళ్ళ కింద ఓ పది నిమిషాలు, మట్టి మొత్తం పోయేదాకా కడగండి. తర్వాత పని లామినార్‌లో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్), లేకపోతే ఫ్యాన్ ఆపిన మూల గదిలో స్పిరిట్ ల్యాంపు పక్కన. 70 శాతం ఆల్కహాల్‌లో 1 నిమిషం. సోడియం హైపోక్లోరైట్‌లో (4 శాతం క్లోరిన్ ఉండేలా) 3 నిమిషాలు, సబ్బులాంటి ట్వీన్ ఒక చుక్క వేస్తే ఆకు మైనం మీద జారిపోకుండా అంటుకుంటుంది. మళ్ళీ ఆల్కహాల్‌లో 30 సెకన్లు. ఆపైన స్టెరైల్ నీళ్ళలో మూడు సార్లు, ఒక్కొక్కటి వేరే బీకరులో, ఆ చివరి నీళ్ళు పారబోయకండి, కావాలి. ఆల్కహాల్ వంద శాతం అయితే ఇంకా బాగా చంపుతుందనుకుంటారు, నిజానికి కాస్త నీళ్ళు ఉంటేనే అది కణంలోకి చొచ్చుకుని పోతుంది.

ఈ నిమిషాలు శిలాశాసనం కాదు. నేలవేము ఆకు పల్చన, 3 నిమిషాల హైపోక్లోరైట్‌కి అంచులు తెల్లబడిపోయి లోపలివీ చచ్చాయి, ఒకటిన్నర నిమిషం పెడితే వచ్చాయి. వేప కాడ, తిప్పతీగ కాండం లాంటి వాటికి 5 నిమిషాలు కావాలి. అందుకని మొదట ఒకే మొక్క ముక్కల్ని 1, 2, 3, 5 నిమిషాలు పెట్టి చిన్న టెస్టు చేసుకోండి, ఒక్క వారం పోతుంది, మూడు నెలలు మిగులుతాయి. ఇంకోటి, మూత తీసి ఎండాకాలం మొత్తం షెల్ఫులో ఉన్న హైపోక్లోరైట్ సగం నీళ్ళతో సమానం, కొత్త బాటిల్ తీసుకోండి.

ఇప్పుడు చాలామంది మానేసే పని. కడిగిన ఆకుని కొయ్యకముందే ఒక ఖాళీ పీడీఏ ప్లేట్ మీద మెల్లగా అదిమి, ఒక నిమిషం ఉంచి తీసెయ్యండి, అంగన్‌వాడీ పిల్లలు బెండకాయ అచ్చు వేసినట్టు. ఇంకో ప్లేట్ మీద మూడో బీకరు చివరి నీళ్ళు 100 మైక్రోలీటర్లు పూయండి. ఈ రెండు ప్లేట్లనీ మిగతావాటితో పాటే ఉంచండి. వారంలో వీటి మీద ఏదైనా మొలిచిందంటే ఆకు పైభాగం సరిగ్గా చావలేదు, ఆ రోజు తీసిన ముక్కల్లోంచి వచ్చిన ప్రతిదీ అనుమానితుడే. మొత్తం పారేసి మళ్ళీ చెయ్యాలి, ఏడుపొస్తుంది, అయినా అంతే. అచ్చు ప్లేట్ శుభ్రంగా ఉన్న రోజు వచ్చిన బూజుని మాత్రమే ఎండోఫైట్ అని పిలవగలం. ఆ ప్లేట్ ఫోటో తీసి పెట్టుకోండి, వైవాలో ఎవరైనా అడిగితే మాట్లాడకుండా అది చూపిస్తే చాలు.

ముక్కలు, మొలకలు

ఆకు అంచులు కోసి పారేసి, మిగిలింది అర సెంటీమీటరు ముక్కలు చేసి, మందు కలిపిన ప్లేట్లో ఐదో ఆరో దూరం దూరంగా పెట్టండి. కాండం అయితే కోసిన వైపు అగార్‌కి ఆనాలి, పోగులు అక్కడి నుంచే బయటికి వస్తాయి. పారాఫిల్మ్ చుట్టి 25-28 డిగ్రీల్లో ఉంచి రోజూ చూడండి. మూడో రోజుకి ముక్క అంచున, పట్టుపోగు కంటే సన్నగా, కాంతికి ఎదురుగా పెడితేనే కనిపించే తెల్లటి వెంట్రుకలు వస్తాయి. అవి రాగానే ఆ పోగు కొనని, కొన మాత్రమే, స్టెరైల్ సూదితో తీసి కొత్త ప్లేట్‌కి మార్చండి. ఆలస్యం చేస్తే పక్క ముక్క నుంచి వచ్చింది మీద పడి రెండూ కలిసిపోతాయి.

ప్లేట్లని వారానికే పారెయ్యకండి. వేగంగా వచ్చేవి మొదటి వారంలో వస్తాయి, మొక్కకి బాగా అలవాటుపడ్డవి చాలాసార్లు రెండో, మూడో వారంలో గానీ తల బయట పెట్టవు, నాకు నచ్చినవి చాలావరకు 18వ రోజు తర్వాత వచ్చినవే. ఎన్ని ముక్కలు పెట్టారు, ఎన్నింట్లోంచి వచ్చాయి, దాన్ని వందకి లెక్క కట్టి రాసుకోండి, 100 ముక్కలకి 42 అయితే 42 శాతం. మరీ 100 శాతం వచ్చి, అన్నీ ఒకే ఆకుపచ్చ పొడి బూజు అయితే సంబరం వద్దు, అచ్చు ప్లేట్ ఇంకోసారి చూడండి.

గుర్తుపట్టడం సంగతి త్వరగా చెప్పేస్తాను. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ చుక్కలో కొంచెం బూజు వేసి మైక్రోస్కోపులో చూస్తే బీజాల ఆకారం బట్టి కొన్ని ఇట్టే తెలుస్తాయి, కొడవళ్ళలా ఉంటే ఫ్యుసేరియం, మూడు మీసాలున్న గింజలా ఉంటే పెస్టలోషియాప్సిస్. చాలావాటికి బీజాలే రావు, ఏం చేసినా తెల్లగా కూర్చుంటాయి. అప్పుడు డీఎన్‌ఏ తీసి, శిలీంధ్రాల్ని గుర్తుపట్టడానికి వాడే ఐటీఎస్ అనే భాగం సీక్వెన్సింగ్‌కి పంపాలి. బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ని తెలిసినవాటితో పోల్చే ఆన్‌లైన్ టూల్) 99 శాతం అని వచ్చినంత మాత్రాన జాతి పేరు రాసెయ్యకండి, ఫ్యుసేరియం, కొలెటోట్రైకం లాంటివి ఐటీఎస్ ఒక్కదానితో తేలవు.

గుణం నిజంగా దానిదేనా

ముందు పెంచాలి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 100 మిల్లీలీటర్ల పొటాటో డెక్స్‌ట్రోజ్ బ్రాత్ పోసి (అగార్ లేని ద్రవం, మందు కూడా లేనిది), మూడు బూజు బిళ్ళలు వేసి, 28 డిగ్రీల్లో కదపకుండా 21 రోజులు, లేదా షేకర్ మీద పది రోజులు. పక్కన ఇంకో ఫ్లాస్కు, అదే బ్రాత్, బూజు వెయ్యకుండా, అన్నే రోజులు. ఈ రెండో ఫ్లాస్కు పేరు ఖాళీ ఫ్లాస్కు, దీన్ని మీ రెండో గైడ్ అనుకోండి.

రెండింటినీ బట్టలో, ఆపైన ఫిల్టర్ పేపర్లో వడకట్టి, అంతే కొలత ఈథైల్ అసిటేట్‌తో సెపరేటింగ్ ఫన్నెల్లో మూడుసార్లు కుదిపి పై పొర తీసుకోండి. కుదిపిన ప్రతిసారీ మూత వైపు కాదు, కుళాయి వైపు ఎత్తి గాలి వదలండి, లేకపోతే మూత ఎగిరి మొహం మీదకి వస్తుంది. అనార్ద్ర సోడియం సల్ఫేట్ వేసి తడి తీసి, రోటరీ ఎవాపరేటర్లో 40 డిగ్రీలకి మించకుండా ఆరబెడితే గిన్నె అడుగున బెల్లం పాకం ఎండినట్టు కొంచెం మిగులుతుంది, అదే క్రూడ్ ఎక్స్‌ట్రాక్ట్. ఖాళీ ఫ్లాస్కు నుంచి కూడా ఏదో కాస్త మిగులుతుంది, చాలామందికి అది చూశాకే జ్ఞానోదయం.

బ్యాక్టీరియా మీద పరీక్షకి ముల్లర్ హింటన్ ప్లేట్, 0.5 మెక్‌ఫార్లాండ్ మసకకి (బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో పోల్చి చూసే కొలమానం) సరిచేసిన కల్చర్, 6 మిల్లీమీటర్ల గుంతలు. ప్రతి ప్లేట్లో బూజు ఎక్స్‌ట్రాక్ట్, ఖాళీ ఫ్లాస్కు ఎక్స్‌ట్రాక్ట్, ఉత్త డీఎంఎస్ఓ (ఎక్స్‌ట్రాక్ట్‌ని కరిగించే ద్రావకం), తెలిసిన యాంటీబయాటిక్, నాలుగూ ఉండాలి. 37 డిగ్రీల్లో 18 నుంచి 24 గంటలు. మూడు ప్లేట్లు, మూడు వేరు వేరు రోజులు. జోన్ పెద్దదైనంత మాత్రాన మందు గట్టిదని కాదు, అగార్‌లో సులువుగా పాకే పదార్థం చిన్న బలంతోనే పెద్ద జోన్ ఇస్తుంది, కాబట్టి జోన్ చూశాక ఎంత తక్కువ మోతాదుకి బ్యాక్టీరియా ఆగుతుందో బ్రాత్ డైల్యూషన్‌తో (ఎక్స్‌ట్రాక్ట్‌ని బ్రాత్‌లో మెట్టు మెట్టుగా పల్చన చేసే పరీక్ష) కనుక్కోండి. ఈ పని ఇంట్లో చెయ్యకండి, రోగాలు తెచ్చే బ్యాక్టీరియాకి మీ వంటగది తేడా తెలియదు.

యాంటీఆక్సిడెంట్ గుణానికి డీపీపీహెచ్ అనే ఊదా రంగు ద్రావణం ఉంది, ఎక్స్‌ట్రాక్ట్ పడగానే పసుపుకి తిరిగితే గుణం ఉన్నట్టు, 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు, పక్కన విటమిన్ సి పెడతారు. ఎక్స్‌ట్రాక్టే పసుపుగా ఉంటే మాత్రం దాని రంగుని విడిగా కొలిచి తీసెయ్యాలి. ఎంజైములు ఇంకా తేలిక, గంజి కలిపిన అగార్ మీద బూజు పెంచి అయోడిన్ పోస్తే నీలం రాని వలయం అమైలేజ్, పాల అగార్ మీద తెరిపి వలయం ప్రోటియేజ్. మొక్క ఎదుగుదల గుణాలకి పికోవ్‌స్కాయా అగార్ మీద ఫాస్ఫేట్ కరిగించే వలయం, ట్రిప్టోఫాన్ వేసిన బ్రాత్‌లో సాల్కోవ్‌స్కీ ద్రావణం వేస్తే వచ్చే గులాబీ రంగు (మొక్క ఎదుగుదల హార్మోను ఐఏఏకి గుర్తు).

నన్ను అడిగితే మన ప్రాంతానికి వీటన్నిటికంటే పనికొచ్చేది ఎదురెదురు పెంపకం, డ్యూయల్ కల్చర్. చిత్తూరు జిల్లా శనక్కాయ చేలల్లో కాండం కుళ్ళు మీరు చూసే ఉంటారు, మొక్క మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమ రంగు ఉండలు, అది స్క్లెరోషియం రోల్ఫ్‌సీ. ఆ ఉండ ఒకటి తెచ్చి ప్లేట్‌కి ఒక వైపు, మీ ఎండోఫైట్‌ని ఎదురు వైపు పెట్టండి, రోల్ఫ్‌సీ చాలా దూకుడు కాబట్టి ఎండోఫైట్‌కి మూడు నాలుగు రోజులు ముందే సీటు ఇవ్వండి. పక్కన రోల్ఫ్‌సీ ఒంటరిగా పెరిగే ప్లేట్, ముందే చెప్పక్కర్లేదు. ఒంటరిగా 80 మిల్లీమీటర్లు పాకింది, ఎండోఫైట్ ఎదురుగా ఉంటే 30 దగ్గర ఆగింది అనుకోండి, 80 లోంచి 30 తీసి 80తో భాగించి వందతో గుణిస్తే 62.5 శాతం నిరోధం. శాతం కంటే మధ్యలో ఏం జరిగిందో చూడండి. రెండూ తాకకుండా దూరంగానే ఆగిపోతే ఏదో పదార్థం అగార్‌లోకి వదిలింది, తాకి ఒకదాని మీద ఒకటి ఎక్కితే అది తిండికోసం కొట్లాటో, ఒకటి ఇంకోదాన్ని తినడమో. నా నేలవేము బూజు, యాంటీబయాటిక్ జోన్‌తో నన్ను వెర్రివాణ్ణి చేసిన అదే బూజు, మందు లేని ప్లేట్ మీద బ్యాక్టీరియాని ఏమీ చెయ్యలేకపోయింది గానీ, రోల్ఫ్‌సీ ముందు మాత్రం 4 మిల్లీమీటర్ల ఖాళీ గీత పెట్టి నిలబడింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ గీత ఉంది.

దాచుకోవడం

ఎండోఫైట్లకి ఒక బుద్ధి ఉంది, ప్లేట్ నుంచి ప్లేట్‌కి మార్చే కొద్దీ మొక్కలో ఉన్నప్పుడు చేసిన పని మర్చిపోతాయి. చైనా చెట్టు కాంప్టోథెకా నుంచి తీసిన ఫ్యుసేరియం సొలాని కాంప్టోథెసిన్ తయారుచేస్తుందని తేలాక, తరం తరానికీ ఆ దిగుబడి పడిపోవడం చూశారు, ఆ తయారీలో ఒక అంచెకి అది మొక్క ఎంజైము మీదే ఆధారపడుతోంది. అందుకని శుద్ధి కాగానే మొదటి తరంలోనే కనీసం పది నకళ్ళు దాచండి. మైనస్ 80 ఫ్రీజర్, గ్లిజరాల్ ఉంటే మంచిదే. లేకపోతే చిన్న స్క్రూ బాటిల్లో స్టెరైల్ నీళ్ళు పోసి నాలుగైదు బూజు బిళ్ళలు వేసి మూత బిగించి రూములోనే పెట్టండి, చాలా శిలీంధ్రాలు ఏడాది పైనే బతికుంటాయి, ఎన్ని గంటలు కరెంటు పోయినా టెన్షన్ ఉండదు. గుణం తగ్గిందనిపిస్తే అదే మొక్క ఆకు కషాయం కొంచెం అగార్‌లో కలిపి పెంచి చూడండి, కొన్నిసార్లు తిరిగి వస్తుంది.

మొక్క మందుదైనంత మాత్రాన దానిలోని బూజు మందు కాదు, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ లాంటివి కూడా ఎండోఫైట్లుగా దొరుకుతాయి, వాటి అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. కాబట్టి వాసన చూడొద్దు, చేతులు కడుక్కోకుండా టిఫిన్ ముట్టొద్దు, అయిపోయిన ప్రతి ప్లేట్‌నీ ఆటోక్లేవ్ చేశాకే చెత్తలో వెయ్యండి. వీధి చివర కుప్పలో వేస్తే ఆవులు తింటాయి, తిరుపతిలో మరీను.

నా బూజు ఇప్పుడు నాలుగో నీళ్ళ బాటిల్లో ఉంది. ఈసారి ఇరవై కుండీల్లో రోల్ఫ్‌సీ కలిపిన మట్టి వేసి శనక్కాయలు విత్తాను, పదింట్లో గింజలకి బూజు పట్టించాను, పదింట్లో ఉత్త బ్రాత్. విత్తి తొమ్మిది రోజులైంది, మొలకలు వచ్చాయి, ఏ కుండీ ఏదో తెలియకుండా నంబర్లు మా అటెండరన్న దగ్గర ఉన్నాయి, ఎంత అడిగినా చెప్పడం లేదు.